ఎడమచేతి గడియారం

జగన్నాధం గడియారాల పెట్టెలో ఒక గది ఖాళీగా ఉండేది. మిగతా గదులన్నీ నిండి ఉన్నా, ఎవరికి పెట్టె చూపించినా ముందు అతని వేలు ఆ ఖాళీ గది మీదికే పోయేది. "ఇక్కడ తెల్లది ఉండాల" అనేవాడు. పన్ను ఊడిన చోటికే నాలుక పోతుంది కదా, అతని సంగతీ అంతే.

శ్రీకాకుళం జిల్లా కవిటికి ఆవల, సముద్రానికి ఈవల, కొబ్బరితోటల మధ్య ఉంది వాళ్ల ఊరు. కొబ్బరికాయల వ్యాపారం చేసే మనిషికి గడియారాల పిచ్చేమిటని ఊళ్లో నవ్వని వాళ్లు లేరు. చెట్టుమీద కాయ దింపడానికి కూడా టైము చూస్తాడురా అనేవారు. అననీ అని ఊరుకునేవాడు. నల్ల డయలుది కటకానికి మొదటి లారీ కాయ పంపిన ఏడాది కొన్నాడు. నీలం డయలుది కొడుకు నవీన్ పుట్టినప్పుడు. ఆకుపచ్చది బరంపురం బజారులో దొరికింది, రాగిరంగుది విశాఖలో. ఎర్ర డయలుది కూడా ఒకటుంది. అది పెట్టుకుని వీధిలోకి బయల్దేరితే భార్య తవిటమ్మ గుమ్మంలో నిలబడి, "బావా, ఎర్ర సిగ్నలు పడింది, ఆగు" అని వెక్కిరించేది. ఆమె అతని మేనమామ కూతురే, ఆ చనువు పెళ్లయ్యాక కూడా పోలేదు.

తెల్ల డయలుది వాళ్ల నాన్నది. రోజూ కీ ఇవ్వాల్సిన పాత హెచ్ఎంటీ. ముదురుకాయ కొబ్బరంత తెలుపు, దాని మీద నల్లటి ముళ్లు. ఆయన ఒళ్లు పొంగి మంచాన పడ్డప్పుడు కూడా దానికి కీ ఇవ్వడం మానలేదు. ఆయన పోయాక పెద్దకర్మ నాడు శయ్యాదానానికి మంచం, పరుపు, గొడుగు, చెప్పులు అన్నీ అమర్చారు. పోయినాయనకి ఇష్టమైన వస్తువేదైనా ఉంటే అదీ పెట్టండి బాబూ అన్నాడు పురోహితుడు. జగన్నాధానికి ఏడుపు పొంగుకొచ్చి, చేతికున్న ఆ గడియారం విప్పి పరుపు మీద పెట్టేశాడు. మంచం వీధి మలుపు తిరగకముందే గుండె కలుక్కుమంది. కానీ దానం ఇచ్చింది మళ్లీ అడగకూడదు కదా. ఆ తర్వాత తెల్లవి ఎన్ని చూసినా ఒక్కటీ మనసుకి నచ్చలేదు, గది అలాగే ఉండిపోయింది.

నాన్నకి వచ్చిన జబ్బే అతనికీ వచ్చింది. మా ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇంటింటికీ చుట్టం. నీళ్ల వల్లన్నారు, ఎండ వల్లన్నారు, నొప్పి బిళ్లల వల్లన్నారు, ఇదీ అని మాత్రం ఎవరూ తేల్చలేదు. నాన్న రోజుల్లో దానికి పేరు లేదు. ఇప్పుడు పేరుంది, డయాలసిస్ మిషన్ ఉంది, వారంలో మూడు పూటలు ఆ మంచం మీద పడుకోవడం ఉంది. బతుకంతా కొబ్బరికాయల మధ్య గడిపినవాడికి కొబ్బరినీళ్లు విషమన్నారు. మంచినీళ్లకి కూడా కొలత పెట్టారు.

ఎడమచేతి మణికట్టు దగ్గర ఆపరేషన్ చేసి రెండు నరాలు కలిపి కుట్టారు. మిషన్ సూదులు దిగేది ఆ చేతిలోనే. కుట్టిన చోట లోపల రక్తం గుయ్యిమని పారుతుంది, పైన చెయ్యి వేస్తే తెలుస్తుంది, చెవి పెడితే వినబడుతుంది. కుడిచేతి నరాలు పాత సూదులకే పాడైపోయాయి కాబట్టి ఈ ఒక్క చెయ్యే దిక్కన్నాడు డాక్టరు. సెంటర్లో నర్సు రాజకుమారి ఆ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోకూడదు, గాజు కాదు, తాడు కాదు, గడియారం అసలే కాదు. రోజూ పొద్దున్నే విను, శబ్దం ఆగితే ఆ పూటే పరిగెత్తుకురా, మర్నాటికి ఉంచకు అంది. ఆగితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్క మంచం ఎల్లాజీకి చెయ్యి ఆగిపోతే మెడలో గొట్టం వేశారు. గొట్టానికి చీము పట్టింది, చలిజ్వరం వచ్చింది. కొన్నాళ్లకి ఆ మంచం మీద వేరే మనిషి పడుకున్నాడు.

అప్పటినుంచి వాళ్లింట్లో ఒక ప్రశ్నతో తెల్లవారేది. తవిటమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగేది, "పలుకుతన్నాదా?" అని. వెనకటికి కీ ఇచ్చిన గడియారాన్ని ఎలా చెవి దగ్గర పెట్టుకునేవాడో, ఇప్పుడు మణికట్టునలాగే చెవి దగ్గర పెట్టుకుని, "పలుకుతన్నాది" అనేవాడు. అది విన్నాకే ఆమె గిన్నె పొయ్యిమీద పెట్టేది. నవీన్ భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో కరెంటు సూపర్వైజరు. రోజూ ఫోన్లో ముందు అడిగేదీ ఆ మాటే. గడియారాల పెట్టె మాత్రం బీరువాలోకి పోయింది. కుడిచేతికి కట్టుకోవచ్చుగా అంటే, "ఎందుకూ, నాకీ జబ్బున్నాదని ఊరికంతకీ దండోరాకా?" అనేవాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. మా వైపు ఇప్పుడు కొత్తమనిషి ఎదురైతే మొహం చూడరు, ఎడమచెయ్యి చూస్తారు. ఎప్పుడూ గడియారం ఉండే చెయ్యి బోసిగా ఉన్నా, గడియారం కుడిచేతికి మారినా, ఇక ఆ మనిషిని అడగాల్సిందేమీ ఉండదు.

నవీన్‌కి రెండు సంబంధాలు ఊరి పేరు వినగానే వెనక్కి పోయాయి. కుర్రాడి రక్తం ఏటేటా పరీక్ష చేయిస్తూనే ఉన్నారు, ఏ లోపమూ లేదు. అయినా ఆ నీళ్లు తాగే ఊరికి పిల్లనివ్వం అన్నారు. మూడోది కొత్తవలస సంబంధం. అమ్మాయి పేరు అరుణశ్రీ, నవీన్ పనిచేసే చోటే ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరూ ఇష్టపడ్డాకే పెద్దల దాకా వచ్చింది మాట. పిల్లకి తల్లిదండ్రులు లేరు, పెంచింది మేనమామ నరసింగరావు. రైల్వేలో రిటైరైనాయన. ఆయన సరే అంటే సరే, కాదంటే కాదు.

ఆ మాట రాగానే జగన్నాధం, సెలవుకి ఇంటికొచ్చిన కొడుకుని గదిలోకి పిలిచాడు. కొడుకు అరచెయ్యి తీసుకుని, గుయ్యిమంటున్న తన ఎడమచేతి మీద పెట్టుకున్నాడు.

"ఈ సెయ్యి మీద ఒట్టు. నా సంగతి ఆలకి సెప్పనని సెప్పు."

నవీన్ తల దించుకున్నాడు. "ఒట్టు నాన్న" అన్నాడు చివరికి. ఆ ఇంట్లో ఆ చేతిని మించిన దేవుడు లేడు, కాబట్టి తండ్రికి నమ్మకం కుదిరింది.

నరసింగరావు ఇల్లు చూసుకోడానికి వస్తున్నాడనీ, నచ్చితే అప్పుడే తాంబూలాలు పుచ్చుకుంటారనీ కబురు తెచ్చాడు మధ్యవర్తి జోగయ్య. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, మనం ఒక్కటే ఆడుతున్నాం, అదీ నోటితో కాదు అని ధైర్యం చెప్పాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాడు. భోజనాలప్పుడు చేతులు కడుగుతాం కదా, అప్పుడు చొక్కా పైకి జరుగుతుంది, ఆ రైల్వే ఆయన కళ్లు మామూలువి కావు, జాగ్రత్త అని కూడా అన్నాడు. అది విన్నప్పుడే జగన్నాధానికి ఆలోచన తట్టింది. ఎడమచేతికి గడియారం ఉన్న మనిషిని ఎవరు అనుమానిస్తారు?

రక్తపరీక్షకి శ్రీకాకుళం వెళ్లిన రోజు గడియారాల షాపుకి వెళ్లాడు. షాపాయన యుగంధర్ పాత పరిచయం. చాన్నాళ్లకి కనిపించారే అని కుర్చీ వేశాడు. తెల్లవి చూపించమంటే, ఇన్నాళ్లకి ఆ గది నింపుతున్నారన్నమాట అని నవ్వాడు. అతనికీ ఆ ఖాళీ సంగతి తెలుసు.

కట్టు వెడల్పుగా ఉంటే చాలు, మచ్చ కప్పితే చాలు, డయలు ఏ తెలుపైతేనేం? అలా అనుకునే షాపు మెట్లెక్కాడు జగన్నాధం. కానీ నల్లగుడ్డ పరిచి ఒక్కొక్కటీ పేరుస్తుంటే పాత పిచ్చి ఎక్కడినుంచో లేచి కూర్చుంది. ఒకటి సున్నం కొట్టిన గోడలా బూడిదరంగు కలిసిన తెలుపు, వద్దన్నాడు. ఒకటి మరీ మెరుస్తోంది, కళ్లకి కొడుతోందన్నాడు. ఇంకొకటి తెలుపే గానీ అంకెలు రోమనువి, నాన్నది అలా కాదు. మరొకదాని మీద తారీఖు కిటికీ ఉంది, తెల్లటి డయలుకి ఆ చిల్లెందుకన్నాడు. వెలుగులోకి తీసుకెళ్లి చూశాడు, నీడలో చూశాడు, అద్దం మీద గోరుతో మీటాడు. ఆ కాసేపు అతనికి జబ్బు లేదు, మిషన్ లేదు, దాహం కూడా లేదు. నిజం చెప్పాలంటే ఏడాదిన్నరలో అతను సంతోషంగా ఉన్నది ఆ కాసేపే.

చివరికి యుగంధర్ లోపలినుంచి తెచ్చినదానికి జగన్నాధం ఏ వంకా పెట్టలేకపోయాడు. ముదురుకాయ కొబ్బరి తెలుపు. సన్నటి గీతలే అంకెలు, నల్లటి ముళ్లు, ఇంకేమీ లేదు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కు టిక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది ఎందుకొచ్చాడో. ఇదే కావాలి, పట్టీ మాత్రం వెడల్పాటి తోలుది వెయ్యమన్నాడు. ఇంత నాజూకు డయలుకి అంత మోటు పట్టీ నప్పదు అన్నాడు యుగంధర్. నప్పకపోయినా వెయ్యమన్నాడు. కట్టి చూద్దామని యుగంధర్ చెయ్యి చాపితే తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చిక్కిపోయానులే, ఇంకొక చిల్లు లోపలికి పొడువు అని మాత్రం అన్నాడు.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్న తవిటమ్మ అలవాటు ప్రకారం అడిగింది, అతను పలుకుతోందన్నాడు. తర్వాత తెల్ల గడియారం తీసి కట్టుకుంటుంటే చూసి ఆమె చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"బావా, రాజకుమారమ్మ ఏటి సెప్పింది?"

"ఒక్క పూట. ఆలు ఎల్లగానే ఇప్పీస్తాను."

ఆమె గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది. కొడుకు పెళ్లి ఆమెకూ కావాలి. వద్దని గట్టిగా ఒక్క మాట అని ఉంటే అతను విప్పేవాడేమో. ఆ మాట ఆమె అనలేదు, ఆ భారం ఆమెకి ఎన్నాళ్లుంటుందో దేవుడికే తెలియాలి.

ముందు రోజే మిషన్ మీద పడుకుని వచ్చాడు, ఒళ్లు తేలిపోతోంది. పట్టీ వదులుగా పెడితే గడియారం జారి మచ్చ బయటపడుతోంది. యుగంధర్ పొడిచిన లోపలి చిల్లుకి బిగించాడు. బిగించాక కూడా కింద గుయ్యిమంటూనే ఉంది, గుప్పిట్లో పట్టుకున్న తుమ్మెదలాగ. ఏమీ కాదులే అనుకున్నాడు.

పొద్దున్నే వస్తామన్నవాళ్లు కారు టైరు పేలి ఎండెక్కాక వచ్చారు, నవీన్ కూడా ఆ కారులోనే దిగాడు. నరసింగరావు పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. దిగుతూనే జగన్నాధం చేతులు రెండూ పట్టుకున్నాడు. కావాలనే పట్టుకున్నాడనిపించింది జగన్నాధానికి. ఆయన చూపు ఎడమచేతి గడియారం మీద ఒక్క క్షణం ఆగి, అక్కడినుంచి మొహం మీదికి వచ్చింది. ఆ మొహంలో ఏమీ తెలియలేదు.

బొండాలు కొట్టారు. కొబ్బరినీళ్లు ఇంత తియ్యగా ఉంటాయని నాకిన్నాళ్లూ తెలీదంటూ నరసింగరావు రెండో బొండాం కూడా అడిగి తాగాడు. జగన్నాధం తన బొండాన్ని పెదవులకి ఆనించి, తాగినట్టు నటించి, ఎవరూ చూడకుండా కుర్చీ కింద పెట్టాడు. ఇల్లు చూశారు, తోట చూశారు. తోటలో నడుస్తున్నప్పుడు గడియారం కింద ఆ తుమ్మెద ఉందో లేదో తెలియలేదు. పట్టీ బిగువుకి తెలియడం లేదనుకున్నాడు. విప్పి చూద్దామంటే నరసింగరావు పక్కనే నడుస్తూ చెట్ల వయసు అడుగుతున్నాడు. భోజనాలప్పుడు చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తే అక్కడా ఆయన పక్కనే ఉన్నాడు. చొక్కా పైకి జరిగింది. మచ్చ కనపడలేదు, గడియారం తన పని తాను చేసింది.

తాంబూలాలు మార్చుకున్నారు. జోగయ్య మొహం వెలిగిపోయింది, తవిటమ్మ కళ్లు తుడుచుకుంది. జగన్నాధం మాత్రం వేళ్లు ముడవలేకపోతున్నాడు, చెయ్యి మొద్దుబారి చల్లబడుతోంది. వీళ్లు వెళ్తే చాలు, వెళ్తే చాలు అని లోపల జపం చేస్తున్నాడు.

బయల్దేరే ముందు నరసింగరావు అతన్ని అరుగు చివరికి తీసుకెళ్లాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"బావగారూ, ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. మీకు ఆపరేషను కుడిసేతికి సేసినారేటి?"

జగన్నాధం ఎడమచేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరు మిషను మీదున్నారని మీ వోడు మా పిల్లకి ఎప్పుడో సెప్పీసినాడు. పిల్ల నాకు సెప్పింది. సెప్పినాడు గాబట్టే నానీ ఊరు వొచ్చినాను. దాసుంటే వొచ్చీవోణ్ని కాదు." ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మా ఇంటిదానికి కూడా ఇదే జబ్బు. ఎడంసేతికే కుట్టినారు. పసుపుతాడు కూడా కట్టనిచ్చీవోణ్ని కాను. మీ ఎడంసేతికి గడియారం సూసి, అమ్మయ్య, ఈయనది కుడిదైనట్టున్నాది అనుకున్నాను. కుడిదేనా?"

"కుడిదే" అన్నాడు జగన్నాధం.

"జాగ్రత్తండి బావగారూ. మా దానిది ఒకపాలి ఆగిపోనాది. మరి దక్కనేదు."

ఆ మాట చెప్పి ఆయన కారు వైపు వెళ్లాడు. వీడ్కోళ్లు జరుగుతున్నాయి, అందరూ వీధిలో ఉన్నారు. జగన్నాధం నిండు చెంబు పట్టుకున్నవాడిలా ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు. తలుపు దగ్గరగా వేసి పట్టీ విప్పాడు. పట్టీ అచ్చు చర్మంలో లోతుగా దిగి ఉంది. వేలు పెట్టి చూశాడు. గట్టిగా తాడులా తగిలింది, కదలిక లేదు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. బయట కారు హారను వినబడింది, జోగయ్య నవ్వు వినబడింది, చెయ్యి మాత్రం పలకలేదు.

ఎవరి కళ్లు కప్పడానికి కట్టాడో వాళ్లకి అన్నీ ముందే తెలుసు. దాచకుండా ఉంటే సరిపోయే చోట దాచి చెయ్యి మీదికి తెచ్చుకున్నాడు. అతనికి ఏడుపు రాలేదు. మంచం మీద కూర్చుని ఎల్లాజీ మెడలో గొట్టాన్ని తల్చుకున్నాడు, దాని చుట్టూ అంటించిన తెల్లటి ప్లాస్టరుని తల్చుకున్నాడు.

తలుపు తోసుకుని నవీన్ వచ్చాడు. జగన్నాధం తువ్వాలు లాగి ఎడమచెయ్యి కప్పేశాడు. కారు వీధి చివరే ఆగి ఉందట, వాళ్లతోనే భోగాపురం వెళ్లిపోతాడట, రేపు డ్యూటీ ఉందట. అన్నీ చెప్పాడు గానీ కదల్లేదు. తండ్రి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నాన్న, నాను ఒట్టు తప్పినాను. నువ్వు ఒట్టు ఏయించుకున్నప్పటికే ఆ పిల్లకి సెప్పీసినాను. నీకు సెప్పడానికి నోరు రాక నీ సెయ్యి మీద అబద్ధపు ఒట్టు ఏసినాను. అప్పట్నుంచి నాకు నిద్ర నేదు. రోజూ అడిగినప్పుడల్లా ఆగిపోనాదంటావేమోనని..."

జగన్నాధం కొడుకు తల వైపు చూశాడు. ఆ పూటే పరిగెత్తుకురా అన్న రాజకుమారి మాట చెవిలోనే ఉంది. ఇప్పుడు చెబితే ఆ కారే ఆస్పత్రికి తిరుగుతుంది, చెయ్యి దక్కినా దక్కవచ్చు. మరి దక్కనేదు అన్న నరసింగరావు గొంతు కూడా చెవిలోనే ఉంది. దక్కకపోతే, తన ఒట్టే నాన్న చేతిని తినేసిందని వీడు బతికినంతకాలం నమ్ముతాడు. గడియారం వల్లరా అంటే వింటాడా? వినడు.

"పలుకుతన్నాదా నాన్న?" అన్నాడు నవీన్.

జగన్నాధం కుడిచేతి గుప్పిట్లో తెల్ల గడియారం ఉంది. తువ్వాలు కిందనుంచి ఎడమచేతిని మెల్లగా ఎత్తి, రెండు చేతులూ కలిపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కు టిక్కుమంది.

"పలుకుతన్నాది" అన్నాడు. "ఎల్లు, ఆలు నీకోసం కాసుకున్నారు."